కొండమీది జానెడు మన్ను

మీ ఇంటి వంటగట్టుమీద పరచినది నీలిఛాయ గల గ్రానైటు పలక అయితే, అది శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతంనుంచి వచ్చినదే కావచ్చు. వ్యాపారులు దానిని 'శ్రీకాకుళం బ్లూ' అంటారు. 'వైజాగ్ బ్లూ' అని కూడా అంటారు. (వైజాగు చేసిన పనల్లా దానిని ఓడ ఎక్కించడమే, పేరుమాత్రం తాను ఉంచుకున్నది.) టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి మండలాలలోని కొండలను చదరాలుగా కోసి, ఇంటిగది అంతేసి దిమ్మలు లారీల మీదికి ఎక్కించి రేవుకు పంపుతారు. ఆ రాతి అందం గురించి, ధర గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. దాని నెత్తిన ఉండే మన్ను గురించి మాట్లాడేవారే తక్కువ. నిజానికి క్వారీ తెరిచిననాడు మొట్టమొదట పోయేది ఆ మన్నే.

పటం తీసి చూస్తే ఈ ప్రాంతం ఎంత సన్ననిదో తెలుస్తుంది. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. మహేంద్రగిరి శిఖరం ఒడిశాలోనిదే గాని, దాని పిల్లకొండలు మందస, పలాస, మెళియాపుట్టి దాకా దిగి వచ్చినవి. ఇక్కడివారు చిన్న కొండలను మెట్టలంటారు. మెట్టలు దాటి సముద్రంవైపు వస్తే ఎర్రటి ఇసుకపాటి నేలల్లో జీడిమామిడి, కొబ్బరి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే తోటలు. అదే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే జనం నోట అలా అరిగిందని చెబుతారు. భాషాశాస్త్రం ఏమన్నా, తోటలు చూసినవారికి ఆ వ్యుత్పత్తి నచ్చుతుంది. తోటల తరువాత నీరు నిలిచే పల్లాలు. వాటిని సోంపేట వైపు బీల అంటారు, నౌపడ వైపు తంపర అంటారు. ఆపైన ఇసుక దిబ్బలు, ఆపైన కడలి. ఇంత వైవిధ్యం ఇంత కొద్ది జాగాలో ఇమిడి ఉండడంవల్ల, ఒకచోట పార వేస్తే దాని కదలిక ఇంకొకచోట తెలుస్తుంది.

ముందు మన్ను సంగతి చూద్దాం. రాయి ఎండకూ వానకూ నలిగి, ఆకు కుళ్ళి, పురుగు దానిని తిని విసర్జించి, వేరు దానిని పట్టుకుని, ఇలా అంగుళం మన్ను తయారు కావడానికి వందల సంవత్సరాలు పడుతుంది. చెంచాడు మంచి మన్నులో నూరుకోట్ల దాకా సూక్ష్మజీవులు ఉంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. పైపొరలో మరొక నిధి కూడా ఉన్నది. ఏళ్ళతరబడి రాలిన గింజలు అందులో నిద్రపోతుంటాయి. చెట్ల వేళ్ళను అంటిపెట్టుకుని నీటిని, భాస్వరాన్ని అందించే శిలీంధ్రపు దారాలు అందులోనే ఉంటాయి. జానెడు కిందికి దిగితే ఇవన్నీ పలచబడతాయి; రెండు జానలు దిగితే దాదాపు ఉండవు. అందుచేత కొండమీది మన్నంతా ఒకటే అనుకోవడం, పాలమీద మీగడనూ అడుగున నీళ్ళనూ ఒకటే అనుకోవడం వంటిది.

చార్లెస్ డార్విన్ తన చివరి గ్రంథాన్ని, 1881లో, వానపాములమీద వ్రాశాడు. అవి నేలను ఎలా తిరగవేస్తాయో ఓపికగా కొలిచి చూపించాడు. మన ఎండనేలల్లో, ముఖ్యంగా ఇటువంటి మెట్టలమీద, ఆ చాకిరీలో పెద్దవాటా చెదపురుగుది. అది అడుగునుంచి మెత్తని మట్టిని పైకి తెస్తుంది, ఎండుపుల్లను మన్నులో కలుపుతుంది, వాననీరు దిగడానికి సందులు చేస్తుంది. మన పెళ్ళిళ్ళలో అంకురార్పణకు పాలికలలో పోసేది పుట్టమన్నే. మొలక దేనిలో బాగా వస్తుందో పెద్దలు చూసే ఉంటారు.

పుట్ట అనగానే మనకు పాము గుర్తుకు వస్తుంది. ఉద్దానంలో పుట్టతో సంబంధం ఉన్న అసలు ప్రాణి మరొకటి ఉన్నది: ఎలుగుబంటి. మావైపు ఎలుగ్గొడ్డు అంటారు. దాని పై పళ్ళవరుసలో నడుమనున్న రెండు కోరుడుపళ్ళు ఉండవు. గోళ్ళతో పుట్టను చీల్చి, ముక్కురంధ్రాలు మూసుకుని, ఆ పళ్ళసందులోంచి చెదపురుగులను పీల్చుకుంటుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. చెదలు, చీమలు, తేనె కాక, తునికి, నేరేడు, రేగు, రేల, మర్రిపండ్లు దాని ఆహారం. పండు తిని, గింజను మరొకచోట విసర్జించి, అక్కడ చెట్టు మొలిపిస్తుంది. అంటే మన్నును తయారుచేసే పురుగుమీద బ్రతుకుతూ, ఆ మన్నులో అడవిని నాటే జంతువన్నమాట. అది నివాసం చేసేది పెద్ద పెద్ద బండల నడుమ గుహల్లో. క్వారీవారు వెదికేదీ ఆ బండలనే.

కొండ పైతోలు ఒలిచిన తరువాత పుట్ట ఉండదు, తునికిచెట్టు ఉండదు, గుహ ఉండదు. బండలు పేల్చే చప్పుడు అదనం. కిందనేమో మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి తోటల్లో జీడిపండ్లు రాలి తియ్యగా పులిసిన వాసన వేస్తుంటాయి. ఆ వెనుకనే పనస. పలాసలో జీడిపిక్కలు ఒలిచి పప్పు చేసే బట్టీలు వందలు ఉన్నవిగాని, పండుకు గిరాకీ లేక చాలాభాగం చెట్టుకిందనే ఉండిపోతుంది. ఆకలిగా ఉన్న ఎలుగ్గొడ్డుకు ఇంతకంటె పిలుపు అక్కరలేదు. అడవి తరగడం, నీటి ఎద్దడి, క్వారీలు — వీటిలో ఏది ఎంత కారణమో తూచి చెప్పడం కష్టమే. కాని అన్నీ ఒకే కొండమీద ఒకేసారి జరుగుతున్నప్పుడు తూకానికి పెద్ద ప్రయోజనమూ లేదు.

దీని ఫలితం ఎంత దారుణమో జిల్లావారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడిలో భార్యాభర్తలిద్దరు మరణించారు. ఊరివారు ఆ ఎలుగును చంపివేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో తోటకు వెళ్ళిన రైతు ఒకరు బలి అయినారు, ఆ మరునాడు మరికొందరు గాయపడ్డారు. అటవీశాఖవారు మత్తుమందు ఇచ్చి ఆ జంతువును పట్టుకున్నారు, అదీ బ్రతకలేదు. తెల్లవారుజామున తోటకు వెళ్ళవలసిన మనిషికి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఎలుగుబంటికి స్థానం ఉన్నదని చెబితే ఏం ఊరట? ఆ షెడ్యూలు మెట్టమీద అమలు జరిగితే తోటలో మనిషికి రక్షణ ఉంటుంది. తోటకు వచ్చిన తరువాత అమలుచేయబోతే ఇద్దరికీ ఆపదే.

ఇక మన్నుకు చట్టం లేదా అంటే, ఉన్నది. ఈ సంగతి చాలామందికి తెలియదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. గ్రానైటు చిన్నతరహా ఖనిజాల కిందికి వస్తుంది. దానికోసం కేంద్రప్రభుత్వంవారు 1999లో గ్రానైటు పరిరక్షణ, అభివృద్ధి నియమావళి తెచ్చారు. పైమట్టిని వేరుగా తీయాలని, దానిని భూమి బాగుచేయడానికి వాడాలని, వెంటనే వాడే వీలులేకపోతే వేరుగా నిలవచేయాలని, వ్యర్థశిలను దానితో కలపరాదని ఇటువంటి నియమాల సారాంశం. పెద్ద ఖనిజాలకు 1988 నుంచీ, మళ్ళీ 2017 నుంచీ ఇదేవిధమైన నియమాలున్నవి. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, దీపక్ కుమార్ కేసులో, ఐదు హెక్టార్లలోపు చిన్న క్వారీలకు కూడా పర్యావరణ అనుమతి ఉండి తీరాలన్నది. కాబట్టి కాగితంమీద ప్రతి క్వారీకి ఒక మన్నుకుప్ప ఉంటుంది. చూడవలసినది కొండమీద ఉన్నదా లేదా అన్నది.

గ్రానైటుతో ఒక చిక్కున్నది. చిన్న పగులున్నా, రంగుమచ్చ ఉన్నా ఆ దిమ్మ పనికిరాదు. అంచేత తవ్విన రాతిలో అధికభాగం అమ్ముడుపోదు. క్వారీ పక్కనే కొండలా పడి ఉంటుంది. మొదటిరోజున పొక్లెయిను వచ్చి చెట్టూ పుట్టా మన్నూ కలిపి ఒక్కతోపున పల్లంలోకి నెట్టివేస్తే, ఆ తరువాత పదేళ్ళపాటు దానిమీద రాళ్ళు పడుతూనే ఉంటాయి. అడుగున పడిన జానెడు మన్నును తరువాత ఏ అధికారి వచ్చి ఎంత జరిమానా వేసినా పైకి తేలేము. పైగా వానాకాలంలో ఆ కుప్పనుంచి బూడిదరంగు రాతిపొడి గెడ్డల్లోకి దిగి, దిగువ చెరువులను పూడుస్తుంది. మొక్కలు నాటుతామన్నవారు చివరికి నాటేది ఆ రాతిపొడిలోనే. మొదటి వేసవికి అవి ఏమవుతాయో ఊహించుకోవచ్చు.

సరిగా చేయదలచుకుంటే పని కష్టమైనదేమీ కాదు. మన్ను పొడిగా ఉన్న రోజుల్లో తీయాలి. తడిమన్ను యంత్రం బరువుకు గట్టిపడి ఊపిరాడక చస్తుంది. పైజానెడును ఒకసారి, దాని కిందిపొరను మరొకసారి తీసి వేరువేరుగా పోయాలి. కుప్ప మనిషి ఎత్తును మించరాదు. ఎత్తు పెరిగితే లోపలి మన్నుకు గాలి తగలక, సూక్ష్మజీవులు నశిస్తాయి, గింజలు కుళ్ళుతాయి. కుప్ప చుట్టూ గట్టు వేయాలి. పైన జనుమో, పిల్లిపెసరో, ఉలవలో చల్లాలి. మన రైతులు పచ్చిరొట్టకోసం చల్లేవే ఇవి. వాటి వేళ్ళు మన్నును పట్టుకుంటాయి, బలమూ చేకూరుస్తాయి. అలా చేసినా కుప్పను ఏళ్ళతరబడి ఉంచకూడదు. నెలలు గడిచినకొద్దీ అందులో ప్రాణం తరుగుతూనే ఉంటుంది.

అసలు కుప్పే లేకుండా చేయగలిగితే ఇంకా మంచిది. పడమటి ఆస్ట్రేలియాలో జర్రా అడవుల్లో బాక్సైటు తవ్వేచోట్ల ఆ పద్ధతి ఉన్నది. కొత్తగా తెరవబోయే ముక్కలో తీసిన పైమన్నును, తవ్వకం పూర్తయిన ముక్కమీదికి నేరుగా తీసుకువెళ్ళి పరుస్తారు. మన్నుతోపాటు గింజలూ వెళతాయి గనుక, ఎవరూ నాటని అడవిమొక్కలు కూడా లేచి వస్తాయి. మా టెక్కలి క్వారీలు ఆ గనుల ముందు గోరంత. ఒక క్వారీలో వీలుకాకపోయినా, పక్కపక్కనున్న నాలుగు క్వారీలవారు కలిస్తే, ఒకరు తీసిన మన్ను మరొకరి పాత గుంటకు పనికివస్తుంది. అమ్ముడుపోని దిమ్మలతో మెట్లు మెట్లుగా గోడలు పేర్చి, వాటి వెనుక రాతిముక్కలు, పైన కిందిపొర మన్ను, ఆపైన పైమన్ను పరిస్తే వాలు నిలుస్తుంది. అక్కడ నాటవలసినవి తునికి, నేరేడు, రేల, వెలగ. వేగంగా పెరుగుతాయని పరదేశపు చెట్లను వరుసలు తీర్చి నాటితే ఫోటోలో పచ్చగా కనిపిస్తుందిగాని, ఎలుగుకు అందులో తినడానికి ఏమీ ఉండదు, మళ్ళీ తోటకే వస్తుంది.

ఎలుగు విషయంలో క్యాలెండరు కూడా చూడాలి. అది ఈనేది చాలావరకు నవంబరు, జనవరి నడుమ. పిల్లలు రెండు మూడు నెలలు గుహలోనే ఉంటాయి. తరువాత తల్లి వీపునెక్కి తిరుగుతాయి. పిల్లలున్న తల్లి ఎంత ప్రమాదకరమో వేరే చెప్పాలా? ఆ నాలుగైదు నెలలు గుహలున్న బండలవైపు కొత్త ముఖం తెరవకుండా, మందు పేల్చకుండా, పాత ముఖంమీద పనిచేసుకుంటే క్వారీకి వచ్చే నష్టం స్వల్పం. గుహలు ఎక్కడున్నవో అటవీశాఖకు తెలియకపోయినా మేకలు కాసే పిల్లవాడికి తెలుసు. అనుమతి ఇచ్చేముందు అతణ్ణి అడగాలన్న నియమంమాత్రం ఎక్కడా లేదు.

కొండ సంగతి ఇలా ఉండగా, కొండనుంచి తీసిన ఎర్రకంకర ఎక్కడికి పోతున్నదో చూడాలి. చాలాభాగం పల్లాలను మెరక చేయడానికి పోతుంది. ఇంగ్లీషువారి 'రిక్లమేషన్' అన్న మాటతో వచ్చిన తంటా ఇక్కడ కనిపిస్తుంది. తవ్విపాడైన భూమిని తిరిగి బాగుచేయడమూ రిక్లమేషనే. నీటిపల్లాన్ని మట్టితో కప్పి స్థలం చేయడమూ రిక్లమేషనే. ఒకటి గాయం మాన్పడం, రెండవది గాయం చేయడం. తెలుగులో మనకు రెండు వేరు మాటలున్నవి: బాగుచేయడం, పూడ్చడం. దస్త్రాలు తెలుగులో ఉంటే కొన్ని తగవులు ముందే తేలిపోయేవేమో!

సోంపేట బీలను కాగితాలమీద పనికిరాని భూమిగా చూపి, అక్కడ 2,640 మెగావాట్ల ధర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోయినప్పుడు ఊళ్ళు ఎదురుతిరిగాయి. ఆ బీలలో వరి పండుతుంది, చేపలు దొరుకుతాయి, జమ్ము పెరుగుతుంది, పశువులు మేస్తాయి, శీతకాలంలో పక్షులు దిగుతాయి. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ రోజునే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దుచేసింది. కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదో అనిపించక మానదు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర, తంపర భూముల్లో మరొక విద్యుత్ కేంద్రం విషయమై మళ్ళీ కాల్పులు, మళ్ళీ మరణాలు.

కాకరాపల్లికి కూతవేటు దూరాన అనదగిన తేలినీలాపురంలో, చింతచెట్లమీద, తుమ్మచెట్లమీద గూడబాతులూ పెద్దకొంగలూ గూళ్ళు కడతాయి. అవి సైబీరియానుంచి వస్తాయని ఊళ్ళో అందరూ చెబుతారు, పత్రికలూ వ్రాస్తాయి. మచ్చముక్కు గూడబాతు నిజానికి మన దక్షిణాసియా పక్షే. దేశాంతరం నుంచి వచ్చే అతిథి అనడంకంటె ప్రసవానికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు అనడం సబబు. ఊరివారు వాటి జోలికి పోరు. అవి రాని ఏడు కరవని నమ్మకం. ఊళ్ళో చెట్లను ఎంత భద్రంగా చూసుకున్నా, పిల్లలకు మేత తేవలసింది తంపర నీళ్ళనుంచి, నౌపడ ఉప్పుమడుల చుట్టుపట్లనుంచి. 2023 ఏప్రిల్‌లో ఆ తీరానే మూలపేట రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే జిల్లాకు ఉద్యోగాలు వస్తాయి, వలసలు తగ్గుతాయి. అందుకు సంతోషించనివారు ఉండరు. దాని వెనుక వచ్చే గిడ్డంగులకూ రోడ్లకూ ఎంత తంపర పూడుతుంది, ఆ పూడికకు ఎన్ని మెట్టలు తరుగుతాయి అన్న లెక్క మాత్రం ఒకే కాగితంమీద, ఒకేసారి వేయాలి. రేవుకొక అనుమతి, కంకరకొక అనుమతి, రోడ్డుకొక అనుమతి విడివిడిగా ఇస్తే ప్రతిదీ చిన్నదిగానే కనిపిస్తుంది.

తీరపు ఇసుకలోనూ ధనం ఉన్నది. భావనపాడు, కళింగపట్నం ఇసుకల్లో ఇల్మనైటు, గార్నెట్, సిల్లిమనైటు, జిర్కను, మోనజైటు ఉన్నవి. గార మండలంలో, కూర్మావతారానికి గుడి కట్టిన శ్రీకూర్మం చుట్టుపక్కలే ఇసుక తవ్వకం సాగింది. 2019లో ఇటువంటి ఖనిజాల తవ్వకాన్ని కేంద్రంవారు ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. ఇచ్ఛాపురం దాటి, బరంపురం దాటి ఛత్రపురం వెళితే ప్రభుత్వ సంస్థ ఐ.ఆర్.ఇ.ఎల్. (పూర్వపు ఇండియన్ రేర్ ఎర్త్స్)‌వారి పని చూడవచ్చు. ఇసుకను తోడి, బరువైన ఖనిజాలను వేరుచేసి, మిగిలిన ఇసుకను వెనక్కి పోసి, దిబ్బను తీర్చి సరుగుడు, జీడి నాటుతారు. తవ్వి వదిలివేయడంకంటె ఇది ఎంతో మెరుగు. అయితే సరుగుడుతోపు ఇసుకదిబ్బకు సాటిరాదు. దిబ్బను కట్టి ఉంచేవి బాలబండి తీగ, మొగలి, రావణాసురుడి మీసాలని పిల్లలు పిలిచే ముళ్ళగడ్డి. వాటి గింజలు, వేళ్ళు ఉండేది ఇసుక పైపొరలోనే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, లక్షల చెట్లను ఒక్కరాత్రిలో కూల్చిన తరువాత, దిబ్బ ఎందుకో ఉద్దానం రైతుకు ఎవరూ బోధించనక్కరలేదు. జనవరి మొదలు మార్చిదాకా ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. గట్టిపడిన ఇసుకను అవి తవ్వలేవు. మరీ వదులైతే గుంట నిలవదు.

ఉద్దానం పేరెత్తగానే మూత్రపిండాల జబ్బు గురించి అడుగుతారు. దానికీ ఈ తవ్వకాలకూ ముడిపెట్టడానికి నా దగ్గర ఆధారం లేదు గనుక ఆ మాట ఎత్తను.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి తవ్వకాల ప్రభావానికి లోనైన జిల్లాల్లో ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. తవ్వకాలవల్ల నష్టపడిన ప్రాంతాల్లో ఖర్చుచేయడానికే ఆ నిధి. దానినుంచి ముందుగా చేయదగిన పని ఒకటున్నది. యజమానులు వదిలివెళ్ళిన పాత క్వారీ గుంతల్లో ఇప్పుడు నీళ్ళు నిలిచి ఉన్నవి. వేసవిలో కొండమీద మరి నీరుండదు గనుక జంతువులు అక్కడికే దిగుతాయి. గోడలు నిట్టనిలువు, పడిన పశువు పైకి రాలేదు, ఈతకు దిగిన పిల్లవాడు కూడా రాలేడు. ప్రతి గుంతకూ ఒకవైపు, ఆ పక్కనే పడి ఉన్న వ్యర్థశిలతోనే, ఏటవాలు దారి ఒకటి పోయించవచ్చు. మిగిలిన మూడువైపులా దిమ్మలతో గట్టు పెట్టవచ్చు. ఈ పనికి పైదేశపు యంత్రం అక్కరలేదు. నాలుగు లారీలు, ఒక పొక్లెయిను, వారం రోజులు చాలు. వానలకు ముందే, జ్యేష్ఠమాసం లోపల చేయించాలి.